ముందే షుగర్ ఉండిందట!

మనలిలో 2020 వేసవి నుంచి ఒక తీర్పు అమల్లో ఉంది. ఫలానా ఆయన కోవిడ్‌తో పోయాడని తెలియగానే, ఎట్లా పోయాడని అడిగేలోపే జవాబు వచ్చేస్తుంది: "ముందే షుగర్ ఉండిందట." ఆ మాట చెవిన పడగానే షుగర్ లేనివాళ్లు ఊపిరి పీల్చుకుంటారు, ఉన్నవాళ్లు తల వంచుకుంటారు. పోయినవాడి కేసు అక్కడితో కొట్టేసినట్టే.

నేను చెప్పేది హిమాచల్‌లో మంచు కురిసే మనాలి గురించి కాదు. చెన్నైకి ఉత్తరాన, 1969లో మద్రాస్ రిఫైనరీ, 1971లో మద్రాస్ ఫెర్టిలైజర్స్ ఉత్పత్తి మొదలుపెట్టిన మనలి గురించి. 2011లో ఇది చెన్నై నగరపాలక సంస్థలో కలిసి రెండో జోన్ అయింది. ఇటు మనలి, అటు తిరువొత్తియూరు, తండయార్‌పేట, కొరుక్కుపేట, రాయపురం - ఈ చుట్టుపక్కలంతా తమిళంలో తెలుగు కలిసిపోయి వినిపిస్తుంది. నగరం చెత్త ఎత్తే పారిశుధ్య కార్మికుల్లో తరతరాలుగా తెలుగు మాట్లాడే దళిత కుటుంబాలు ఎన్నో. ఆ ఇళ్లలో మాట తెలుగు, ఆసుపత్రి చీటీ ఇంగ్లీషు, నర్సమ్మ చెప్పేది తమిళం. షుగర్ మాత్రం మూడింట్లోనూ షుగరే.

ఆ తీర్పు లోపల నమ్మకాలు ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డాయి. షుగర్ ఉన్నవాడి ఒంట్లో ఇమ్యూనిటీ ఉండదట. వైరస్ సాకు మాత్రమేనట, చంపింది షుగరేనట. పైగా ఆ షుగర్ కూడా వాడు తిని తెచ్చుకున్నదేనట. చదువుకున్నవాళ్లు ఇదంతా 'కోమార్బిడిటీ' అనే ఒక్క మాటలో చుట్టేస్తారు. దీనిలో ఒక్క ముక్కా నిలిచేది కాదని నా వాదన. షుగర్ ఉన్న మనిషికి రోగనిరోధక శక్తి ఉంది. అది సరిగా పనిచెయ్యడానికి కావలసిన పరిస్థితి ఒంట్లో చాలాసార్లు ఉండదు. ఆ పరిస్థితి పుట్టుకతో వచ్చిన రాత కాదు, మార్చగలిగింది. మార్చగలిగినదాన్ని మార్చకుండా వదిలేసి చచ్చినవాడి మీదికి నెట్టడాన్నే నేను తప్పుపడుతున్నాను.

ఈ తీర్పు పేటల్లో పుట్టలేదు, పైనుంచి దిగింది. 2020లో తమిళనాడు ఆరోగ్యశాఖ రోజూ సాయంత్రం విడుదల చేసిన బులెటిన్ చదివినవాళ్లకు దాని వరస గుర్తుండే ఉంటుంది. పోయినవాళ్లు ఒక్కొక్కరికీ ఒక చిన్న పేరా. పేరుండదు. వయసు, ఆడా మగా, ఏ జిల్లా. వెంటనే షుగర్, బీపీ, కిడ్నీ జబ్బు - ఏవి ఉంటే అవి. ఆ తర్వాతే ఏ రోజు ఏ ఆసుపత్రిలో చేరారు, జ్వరం ఎన్నాళ్లుగా ఉంది, ఆయాసం ఎప్పుడు మొదలైంది, ఏ వేళకు ప్రాణం పోయింది అన్నవి. మరణ కారణం చిట్టచివర. మొత్తం లెక్కలోనూ వేరే జబ్బులున్నవాళ్లు ఇందరు, లేనివాళ్లు ఇందరు అని విడదీసి చెప్పేవాళ్లు. వైద్యులకు ఆ వివరం అవసరమే. కానీ టీవీ ముందు కూర్చున్న మనిషి ఆ పేరాని వైద్యుడిలా చదవడు. వయసూ షుగరూ కనబడగానే "అదీ సంగతి" అనుకుని మిగతాది వదిలేస్తాడు. చివరి వాక్యం దాకా వెళ్లేదెవరు?

మరణాలు ఎలా నమోదు చెయ్యాలో ఐసీఎంఆర్ కింద బెంగళూరులో నడిచే సంస్థ 2020లోనే వైద్యులకు రాసి ఇచ్చింది. షుగర్, ఆస్తమా, క్యాన్సర్ లాంటివి ముప్పు పెంచుతాయే గానీ నేరుగా చంపినవి కావు, కాబట్టి కోవిడ్ మరణంలో వాటిని మూలకారణంగా రాయకూడదని అందులో ఉంది. అంటే దేశంలోని పెద్ద వైద్య పరిశోధనా మండలే ఈ తీర్పును మొదట్లోనే కొట్టేసింది. ఆ కాగితం ఆసుపత్రి గడప దాటి వీధిలోకి రాలేదు, అంతే. వీధి లెక్క వీధిదే అయింది. ప్రభుత్వ లెక్క మాత్రం ఏం తక్కువ? అదే ఏడాది జూలై 22న, అంతకుముందు జాబితాలోకి ఎక్కని 444 మరణాలను తమిళనాడు ఒక్కరోజే కలపవలసి వచ్చింది.

షుగర్‌కూ వైరస్‌కూ సంబంధమే లేదని నేను అనడం లేదు. అలా అంటే నా కళ్లు నేనే మూసుకున్నట్టు. ఇంగ్లండులో 2020 మే 11 దాకా ఆసుపత్రుల్లో కోవిడ్‌తో పోయిన 23,698 మందిలో దాదాపు మూడోవంతు షుగర్ ఉన్నవాళ్లే. వయసు, పేదరికం వగైరాలు లెక్కలోంచి తీసేశాక కూడా టైప్ 2 వాళ్లకు చావు ముప్పు రెట్టింపు, టైప్ 1 వాళ్లకు మూడున్నర రెట్లు. తీర్పు చెప్పేవాళ్లు ఎత్తి చూపేది ఈ అంకెలనే. ఎత్తి చూపి అక్కడే ఆగిపోతారు.

అక్కడ ఆగకూడదు. అదే దేశంలో, అదే జనాభా మీద జరిగిన జంట అధ్యయనం షుగర్ ఉన్నవాళ్లను ఒక్క మూటగా కట్టకుండా విప్పి చూసింది. మూడు నెలల సగటు చూపించే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.5 నుంచి 7 మధ్య ఉన్న టైప్ 2 వాళ్లతో పోలిస్తే, 10 దాటినవాళ్లకు కోవిడ్‌తో చనిపోయే ముప్పు 61 శాతం ఎక్కువ. చైనాలోని హుబేలో 7 వేల పైచిలుకు రోగులను పరిశీలిస్తే అందులో షుగర్ ఉన్నవాళ్లు 952 మంది. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ గ్లూకోజు 70కీ 180కీ మధ్య నిలిచినవాళ్లలో చనిపోయినవాళ్లు 1.1 శాతం. నిలవనివాళ్లలో 11 శాతం. పదింతలు! అందరిదీ షుగరే, అందరికీ పట్టింది అదే వైరస్సే.

ఇక్కడ ఒక నిజాయితీ అవసరం. గ్లూకోజు అదుపులో ఉన్నవాళ్లు మొదటినుంచీ కాస్త గట్టి మనుషులై ఉండొచ్చు. జబ్బు బాగా ముదిరితే గ్లూకోజు దానంతటదే ఎగబాకుతుంది కాబట్టి ఏది కారణం, ఏది ఫలితం అని విడదియ్యడం కష్టం. పదింతల్లో ఎంత భాగం గ్లూకోజుది, ఎంత భాగం మిగతావాటిది అని ఈ రెండు అధ్యయనాలు తేల్చలేవు. కానీ ఒకటి తేల్చాయి: 'షుగర్ ఉన్నవాడు' అనే ఒకే మనిషి లేడు. తమిళనాడులో పెద్దవాళ్లలో 14.4 శాతం మందికి షుగర్ ఉందని ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే 2023లో చెప్పింది. దేశం మొత్తం మీద షుగర్ ఉందని తెలిసినవాళ్లలోనే హెచ్‌బీఏ1సీ అదుపులో ఉన్నది 36.3 శాతం మందికేనని అదే సర్వే అంతకుముందు ఏడాది బయటపెట్టింది. మిగతావాళ్ల గ్లూకోజు ఎక్కడుందో, ఎందుకక్కడుందో అడగకుండా "షుగర్ ఉండిందట" అనడం వైద్యమూ కాదు, సానుభూతీ కాదు.

సరే, గ్లూకోజు ఎక్కువైతే ఒంట్లో జరిగేదేమిటి? 2023 డిసెంబరులో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎరాన్ ఎలినావ్ బృందం 'నేచర్' పత్రికలో ప్రచురించిన పరిశోధన నాకు ఈ విషయంలో చాలా ముఖ్యంగా తోస్తుంది. ఊపిరితిత్తుల్లో డెండ్రిటిక్ కణాలని ఉంటాయి. వైరస్ దిగగానే దాని ముక్కల్ని పట్టుకుని, లింఫ్ గ్రంథికి మోసుకెళ్లి, టీ కణాలకు చూపించడం వాటి పని. ఆ చూపింపు జరగకపోతే టీ కణాలు కదలవు. షుగర్ తెప్పించిన ఎలుకల్లో ఈ డెండ్రిటిక్ కణాల లోపలి జీవక్రియ మారిపోయింది. దానివల్ల డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే ప్రోటీన్ల మీద గుర్తులు మారాయి, తెరుచుకోవలసిన జన్యువులు తెరుచుకోలేదు. ఎలుకలు ఫ్లూ లాంటి వైరస్‌లకు తేలిగ్గా లొంగిపోయాయి. టీ కణాలు లేక కాదు, వాటికి కబురు అందక. అసలు సంగతి ఆ తర్వాత ఉంది: ఇన్సులిన్‌తో గ్లూకోజును దారికి తెస్తే ఆ కణాలు మళ్లీ తమ పనిలో పడ్డాయి. ఎలుకల్లో తేలింది మనుషుల్లో అచ్చం అలాగే జరుగుతుందని ప్రమాణం చెయ్యలేం. కానీ "షుగర్ వస్తే ఇమ్యూనిటీ పోతుంది, పోయింది రాదు" అనేవాళ్లు ముందుగా జవాబు చెప్పవలసింది దీనికే.

రెండో వైపు ఇంకో గొడవ ఉంది. మొదట్లో ఆలస్యంగా కదిలిన రక్షణ, ఆ తర్వాత ఆగవలసిన చోట ఆగదు. పొట్ట చుట్టూ చేరే కొవ్వు ఊరికే పడి ఉండే సరుకు కాదు; దానిలో చేరిన రక్షణ కణాలు ఐఎల్-6, టీఎన్ఎఫ్ లాంటి వాపు రసాయనాలను ఎప్పుడూ కొద్దికొద్దిగా వదులుతూనే ఉంటాయి. రిఫైనరీ గొట్టం మీద పగలూ రాత్రీ ఎగిసే మంటలాంటిది ఇది: రోజూ ఉండేది కాబట్టి మనలిలో ఎవరూ తలెత్తి చూడరు. వైరస్ వచ్చినప్పుడు ఆ మంట మీదే మరో మంట లేస్తుంది. అప్పుడు ఊపిరితిత్తిని దెబ్బతీసేది వైరస్ ఒక్కటే కాదు, దానిమీదికి అదుపు తప్పి ఎగబడిన మన సొంత రక్షణ కూడా. పైగా జ్వరం, ఆందోళన, ఒత్తిడి హార్మోను కార్టిసాల్ కలిసి ఇన్సులిన్‌ను పనిచెయ్యనియ్యవు. గ్లూకోజు మరింత ఎగబాకుతుంది. కబురు మరింత ఆలస్యమవుతుంది. ఒకదాన్నొకటి తోసుకుంటూ పోయే ఈ చక్రాన్ని ఎక్కడో ఒకచోట అడ్డుకోవచ్చు. అన్నిటికంటే తేలిగ్గా అడ్డుకోగలిగిన చోటు వేలి చివర ఒక రక్తపు బొట్టుతో తెలుస్తుంది.

జబ్బు తగ్గాక మిగిలే రక్షణ మాటేమిటి? "షుగర్ వాళ్లకి యాంటీబాడీలు తయారవ్వవు, టీకా వేసుకున్నా దండగ" అని 2021లో చాలామంది నమ్మారు, ఇప్పటికీ కొందరు నమ్ముతున్నారు. మిలాన్‌లోని సాన్ రఫాయేలే ఆసుపత్రి పరిశోధకులు 2020లోనే దీన్ని పరీక్షించారు. కోవిడ్‌తో చేరిన 509 మందిలో 139 మందికి షుగర్ ఉంది. వాళ్లలో యాంటీబాడీలు పుట్టిన సమయం, పరిమాణం, షుగర్ లేనివాళ్లతో పోలిస్తే తేడా కనబడలేదు. వైరస్‌ను నిర్వీర్యం చేసే యాంటీబాడీలు బలంగానే పుట్టి నెలల తరబడి నిలిచాయని అదే ఆసుపత్రి ఆ తర్వాత మరోసారి చూపించింది. టీకా దండగన్న మాట వట్టిదే.

అయితే స్థూలకాయం కథ కొంచెం వేరు. దాన్ని దాచిపెట్టి వాదన నెగ్గించుకోవడం నాకిష్టం లేదు. తీవ్ర స్థూలకాయం ఉన్నవాళ్లలో రెండో డోసు తర్వాత ఆరు నెలలకు, వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీలు కొలతకు కూడా అందనివాళ్లు 55 శాతం అని, మామూలు బరువున్నవాళ్లలో 12 శాతమే అని బ్రిటన్ పరిశోధకులు 2023లో 'నేచర్ మెడిసిన్'లో రాశారు. మరో డోసు వేస్తే రక్షణ మళ్లీ లేచింది, మళ్లీ త్వరగానే తగ్గింది. ఫ్లూ టీకా విషయంలోనూ అమెరికాలో 2012లో ఇలాంటిదే కనబడింది: లావుగా ఉన్నవాళ్లలో నెల తిరిగేసరికి యాంటీబాడీలు బాగానే పుట్టాయి, ఏడాది తిరిగేసరికి ఎక్కువగా పడిపోయాయి. దీని అర్థం రక్షణ పుట్టదని కాదు, త్వరగా అరిగిపోతుందని. వాళ్లకు టీకా త్వరగా, తరచుగా కావాలన్నమాట. మన ఒళ్లు తెల్లవాళ్ల తూకానికి లొంగదు కూడా. చేతులూ కాళ్లూ సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకొచ్చిన మనిషిని "బక్కోడు, వీడికేం" అంటాం. ఇండియాబ్ లెక్కలో దేశంలోని పెద్దవాళ్లలో 39.5 శాతం మందికి ఉన్నది ఆ పొట్టే. తూకం యంత్రం కంటే దర్జీ టేపు మన గురించి ఎక్కువ నిజం చెబుతుంది.

ఇంత చిక్కైన యంత్రాంగాన్ని బజారు ఒక్క మాటకు కుదించేసింది: ఇమ్యూనిటీ బూస్టర్. 2020, 21ల్లో మందుల షాపు గల్లా పక్కన ఏముండేదో తలచుకోండి. జింకు, విటమిన్ సి మాత్రలు, కబసుర కుడినీర్ పొడి పొట్లాలు, తులసి చుక్కలు, చ్యవనప్రాశ్ డబ్బాలు. చ్యవనప్రాశ్ అంటే సగం చక్కెరే కదా అని అడిగినవాడు లేడు. అటు నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో 2021 మే నెలలో ఆనందయ్య మందు కోసం మైళ్ల కొద్దీ బారులు తీరారు. జనాన్ని తప్పు పట్టను. ఆక్సిజన్ దొరకని రోజుల్లో మనిషి దేన్నైనా పట్టుకుంటాడు. కానీ బూస్టర్ అమ్మినవాళ్ల లెక్కలో ఇమ్యూనిటీ అంటే పోసేకొద్దీ నిండే డబ్బా. ఇప్పుడే చెప్పుకున్నాం, కోవిడ్‌లో చాలామందిని చంపింది మోతాదు మించిన రక్షణే. తక్కువైనందుకు కాదు, వేళ తప్పినందుకు. వేళకు రావడానికీ వేళకు ఆగడానికీ పొట్లంలో ఏ మందూ లేదు. అదే డబ్బుతో షాపులో గ్లూకోమీటరు స్ట్రిప్పులు కొన్నవాళ్లు ఎందరు?

ఆ అమాయకత్వానికి ఖరీదు 2021 మేలో కట్టాం. డెక్సామెథసోన్ అనే చవక స్టెరాయిడ్ ప్రాణాలు నిలుపుతుందని బ్రిటన్ 'రికవరీ' ప్రయోగం 2020 జూన్‌లో తేల్చింది. కానీ ఎవరికి? వెంటిలేటర్ మీదున్నవాళ్లలో మరణాలు మూడోవంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు ఉపయోగం కనబడలేదు. మన దగ్గర ఆ రెండో మాట వాట్సాప్ చీటీల్లోంచి జారిపోయింది. మొదటిరోజు జ్వరానికే స్టెరాయిడ్ మింగినవాళ్లున్నారు. స్టెరాయిడ్ గ్లూకోజును ఆకాశానికెత్తుతుంది. దాన్ని కొలిచే తీరిక ఎవరికీ లేదు. మే 20న బ్లాక్ ఫంగస్‌ను తప్పనిసరిగా తెలియజెయ్యవలసిన జబ్బుగా తమిళనాడు ప్రకటించింది. హైదరాబాద్‌లో కోఠీ ఈఎన్‌టీ ఆసుపత్రి ఈ రోగులతోనే నిండింది. జూన్ 28 నాటికి దేశంలో 40,845 కేసులు, 3,129 మరణాలని కేంద్ర ఆరోగ్యమంత్రి చెప్పారు. వాళ్లలో 64 శాతం మందికి షుగర్, 53 శాతం మంది స్టెరాయిడ్ వాడినవాళ్లు. ఇక్కడా మన తీర్పు సిద్ధంగా ఉంది: "షుగర్ ఉండింది కదా, ఫంగస్ పట్టింది." గ్లూకోజును అంతెత్తుకు లేపినదెవరు, లేపాక కొలవనిదెవరు అని అడిగితే వేలు మన వైపే తిరుగుతుంది.

ఇక "తిని తెచ్చుకున్నాడు" అనే ముక్క. నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే. మనలిలో మనిషి ఏం తింటాడో మాట్లాడే ముందు ఏం పీలుస్తాడో మాట్లాడాలి. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేసినప్పుడు 70 దాటినవి 'తీవ్ర కాలుష్య' జాబితాలో పడ్డాయి. మనలికి వచ్చింది 76.32. మరుసటి ఏడాది కొత్త పరిశ్రమలకు, విస్తరణకు తాత్కాలికంగా అడ్డుకట్ట కూడా వేశారు. సన్నని ధూళి, అంటే పీఎం 2.5, షుగర్ తెస్తుందా అని ఢిల్లీ, చెన్నైల్లో 12 వేల మందికి పైగా పెద్దవాళ్లను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం 2023లో వచ్చింది. ఆ ధూళి ఏడాది సగటు ఘనపు మీటరుకు 10 మైక్రోగ్రాములు పెరిగినకొద్దీ కొత్తగా షుగర్ వచ్చే ముప్పు 22 శాతం పెరిగిందని తేలింది. గాలిని ఎంచుకునే హక్కు ఎవరికుంది? బైపాస్ మీద కిటికీ ఎత్తుకుని పోయే కారువాళ్లకు ఆ గాలి కాసేపే. కొళాయి దగ్గర బిందెలు పెట్టి నిలబడ్డ ఆడవాళ్లకు రోజంతా.

రాత్రి షిఫ్టులు కూడా ఇన్సులిన్ పనితీరును దెబ్బతీస్తాయని వైద్యానికి తెలియనిది కాదు. ఫ్యాక్టరీలో సి షిఫ్టు ముగించుకుని పొద్దున్నే ఇంటికొచ్చి, సద్దన్నమో ఇడ్లీలో తిని, ఎండలో రేకుల కింద పడుకునే మనిషి నిద్ర ఎలాంటిదో చెప్పనక్కర్లేదు. తెల్లారకముందే చీపురు పట్టి రోడ్డెక్కే పారిశుధ్య కార్మికురాలికి మాత్ర తిండికి ముందా, తర్వాతా అన్న ప్రశ్న ఉత్తదే, తిండే పదింటికి. తమిళనాడులో 2011 జూన్ నుంచి రేషన్ బియ్యం ఉచితం. ఆకలిని తీర్చిన ఆ పథకాన్ని తిట్టను. కానీ ఉచితంగా వచ్చేది బియ్యం, కొనుక్కోవలసింది పప్పు, కూరలు, గుడ్లు అయినప్పుడు పళ్లెంలో ఏది కొండలా ఉంటుందో తెలిసిందే. "అన్నం తగ్గించండమ్మా" అని చెప్పే డాక్టరుగారు దాని బదులు ఏం పెంచాలో, దేంతో కొనాలో కూడా చెప్పాలి.

తమాషా ఏమిటంటే, షుగర్ వల్ల ముప్పు ఎక్కువని చావులప్పుడు అన్నవాళ్లే టీకాలప్పుడు ఆ మాట మరిచారు. 2021 మార్చి 1 నుంచి 45-59 ఏళ్లవాళ్లలో వేరే జబ్బులున్నవాళ్లకు టీకా అన్నారు. కేంద్రం ఇచ్చిన 20 జబ్బుల జాబితా చూస్తే షుగర్ పక్కన షరతులున్నాయి: పదేళ్లు దాటాలి లేదా చిక్కులు వచ్చి ఉండాలి, దానికి తోడు మందులు వాడుతున్న బీపీ కూడా ఉండాలి. డాక్టరు సర్టిఫికెట్ తేవాలి. అంటే యాభై ఏళ్ల మనిషికి నిరుడు షుగర్ బయటపడి, హెచ్‌బీఏ1సీ 11 ఉన్నా టీకాకు అర్హుడు కాడు. చస్తే మాత్రం బులెటిన్లో మొదటి వాక్యంలోనే షుగర్. ఏప్రిల్ 1న 45 దాటినవాళ్లందరికీ తలుపు తెరిచారు గానీ, రెండో అల అప్పటికే గుమ్మంలో ఉంది.

నిజానికి ఈ నేరారోపణ తలకిందులైంది కూడా. షుగర్ వల్ల వైరస్ ముదరడమే కాదు, వైరస్ వల్ల షుగర్ రావడమూ ఉంది. అమెరికాలో మాజీ సైనికుల రికార్డులు చూసి సియాద్ అల్-అలీ బృందం 2022లో చెప్పింది: కోవిడ్ వచ్చి తగ్గినవాళ్లకు ఏడాదిలోపు కొత్తగా షుగర్ వచ్చే ముప్పు, రానివాళ్ల కంటే 40 శాతం ఎక్కువ. ప్రతి వెయ్యిమందికీ అదనంగా పదమూడు మందికి పైగా. మాజీ సైనికులు ఎక్కువగా వయసుమళ్లిన మగవాళ్లు, కాబట్టి ఆ అంకెను యథాతథంగా మనకు అతికించలేం. అయినా చెన్నైలో 2020 జూలైలో చేసిన మొదటి సీరో సర్వేలోనే పరీక్షించిన వాళ్లలో 21.5 శాతం మందికి అప్పటికే వైరస్ సోకి ఉంది, అదీ ఉత్తర చెన్నై జోన్లలోనే హెచ్చు. ఆ జనంలో ఆ తర్వాత ఎందరికి షుగర్ బయటపడింది? "ముందే ఉండింది" అనే మాట అలవాటైన ఊళ్లో తర్వాత వచ్చిందేమో అన్న అనుమానమే రాదు.

వైరస్‌నూ షుగర్‌నూ కలిపి చూసే పని చెయ్యడానికి ఉత్తర చెన్నైకి లేనిదేమీ లేదు. దేశంలోనే మొదటి షుగర్ క్లినిక్‌ను ఎం. విశ్వనాథన్ 1948లో ప్రారంభించింది ఇక్కడి స్టాన్లీ ఆసుపత్రిలోనే. 1954లో ఆయన పెట్టి, తర్వాత షుగర్ జబ్బుకే ప్రత్యేకమైన ఆసుపత్రి ఉన్నది పక్కనున్న రాయపురంలోనే. ఇంటికే వచ్చి బీపీ, షుగర్ మాత్రలిచ్చే 'మక్కళై తేడి మరుత్తువమ్' పథకాన్ని 2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో ముఖ్యమంత్రి స్టాలిన్ మొదలుపెట్టారు; 2024లో దానికి ఐక్యరాజ్యసమితి అవార్డు కూడా వచ్చింది. మంచి పథకం, ఒప్పుకుంటాను. కానీ అది తెలిసిన షుగర్ వెంట నడుస్తుంది. వైరల్ జ్వరం వెంట నడవదు.

నడిపించమని అడుగుతున్నాను. ఈశాన్య రుతుపవనం వస్తే మనలిలో నీళ్లు నిలుస్తాయి, దోమలు లేస్తాయి, డెంగీ వస్తుంది. డెంగీలోనూ షుగర్ ఉన్నవాళ్లకు జబ్బు ముదిరే ముప్పు ఎక్కువన్నది తెలిసిన సంగతే. అప్పుడు ప్లేట్‌లెట్లు ఎన్ని అని అడగని ఇల్లుండదు. గ్లూకోజు ఎంత అని అడిగే ఇల్లు ఎక్కడో ఒకటి. కార్పొరేషన్ ఆరోగ్యకేంద్రానికి జ్వరంతో వచ్చిన పెద్దవాళ్లందరికీ ఆ రోజే వేలు గుచ్చి చూడాలి. ఎక్కువుంటే జ్వరం తగ్గేదాకా రోజూ చూడాలి. స్టెరాయిడ్ రాస్తే, గ్లూకోజు ఎప్పుడెప్పుడు చూసుకోవాలో అదే చీటీలో రాయాలి. జ్వరం తగ్గిన మూడు నెలలకు, షుగర్ ఉన్నా లేకున్నా, హెచ్‌బీఏ1సీ ఒకసారి చెయ్యాలి. మాత్రలు పట్టుకుని ఇంటింటికీ తిరిగే ఆ పథకం కార్యకర్త చేతికే ఈ జాబితా ఇవ్వొచ్చు. తెలుగు పేటల్లో తెలుగులో చెప్పేవాళ్లను పంపాలి. ఖర్చవుతుందని అంటే, కోఠీలో, స్టాన్లీలో ఒక్క బ్లాక్ ఫంగస్ రోగికి ఎన్ని వారాలు ఆంఫోటెరిసిన్ మందు ఎక్కించారో, ఎన్ని కళ్లు తీసేశారో ఆ లెక్కను కూడా ఈ ఖర్చు పక్కన పెట్టి చూసి మాట్లాడమనండి.